నాన్న ఆగమన్నాడు

ఆ ఉదయం పళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి కూతురితో కొండెక్కడం మొదలుపెట్టాలి. పదిన్నరకి పైనున్న విడిదికి చేరాలి. అక్కడ టీ తాగుతూ, "దూరమైతే అయింది, వెళ్ళి చదువుకో తల్లీ" అనాలి. అంతే. చేరేదీ లేనిదీ ఆ రోజు పన్నెండులోపు చెప్పకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు కాలేజీవాళ్ళు. కొండమొత్తం మీద ఫోను పలికేది విడిదిలోనే. కూతురు అక్కణ్ణించే ఫోన్ చేసి "వస్తున్నా" అంటుంది.

ఆ ముక్క ఇంట్లోనే చెప్పొచ్చు కదా అంటే, చెప్పబోయాడు. మూడుసార్లు. ప్రతిసారీ "నీళ్ళ మోటారు కట్టేశావా?" అన్న మాటే బయటికొచ్చింది. దంతవైద్యుడి వెనకగదిలో కూర్చుని ఇరవై ఏళ్ళుగా కట్టుడు పళ్ళు అరగదీస్తున్న మనిషి; రోజంతా మాట్లాడని నోళ్ళతోనే పని. నాలుగు నెలల కిందట కూతురు కాలేజీ ఊసెత్తినప్పుడు మాత్రం, ఎక్కడలేని ధారాళంగా "అంత దూరం వద్దంటే వద్దు" అనేశాడు. ఆ రోజునుంచి ఆ పిల్ల ఆయనతో "ఊ", "ఊహూ" తప్ప మూడో మాట ఆడలేదు.

"కొండమీద మోటారు ఉండదు. అక్కడైనా చెప్పి చావండి," అంటూ భార్య ఇద్దరి సంచులూ సర్ది పంపింది. దారంతా తల దాంట్లోనే పెడతాడని ఆయన ఫోను తీసి బీరువాలో పెట్టేసింది.

గంట నడిచేసరికి కొత్త బూట్లు ఆయన మడమలు కొరికేశాయి. కూతురి వీపుమీది ఎర్ర సంచీ ఒక్కో మలుపూ దాటుతూ చుక్కంతై మాయమైంది. పిలుద్దామంటే ఊపిరి లేదు. ఈ ఒక్క పనీ చేతకాదా అని ఆయనకి ఏడుపొచ్చింది. అంతలో వెనకనుంచి ఒక కళ్ళజోడు మనిషి చకచకా దాటిపోతూ కనిపించాడు.

"అయ్యా, పైన ఎర్ర సంచీ అమ్మాయి కనిపిస్తే, నాన్న వెనకాల ఉన్నాడు, కాస్త ఆగమన్నాడని చెప్పండి."

"ఓ, దానికేం!"

ఆ ఊపు అరమైలుకే అయిపోయింది. కళ్ళజోడు మనిషి ఒక రాతిమీద చతికిలబడి, పరుగులాంటి నడకతో వస్తున్న కొత్త జంటకి ఆ పని అప్పగించాడు. "ఎర్ర సంచీ అమ్మాయికి చెప్పండి, వాళ్ళ నాన్న వెనకాల ఆగిపోయాడు."

జంట రొప్పుతూ విడిదికి చేరి కాపలాదారు ముందు కూలబడింది. "ఎర్ర సంచీ అమ్మాయి... వాళ్ళ నాన్నగారికి... దార్లో ఆగిపోయిందట!"

"ఏది ఆగిపోయింది?"

భర్త భార్య వంక చూశాడు. ఆ వయసువాళ్ళకి ఆగిపోయేది ఇంకేముంటుంది?

"గుండే అయుంటుంది," అందామె జాలిగా.

ఈలోగా పళ్ళాయనకి "విడిదికి అడ్డదారి" అన్న పలక కనిపించింది. కూతురికంటే ముందే చేరిపోవచ్చని ఆశపడ్డాడు. ఆ దారి దారిలా కాక గోడలా ఉంది. సగం కాళ్ళతో, సగం చేతులతో ఎక్కి పైకి చేరేసరికి పదకొండు దాటింది. విడిదిలో వంటావిడ ఒక్కతే కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైందమ్మా?"

"ఎవరో పెద్దాయన దారిలో పోయాడట బాబూ. అందరూ స్ట్రెచర్ పట్టుకుని కిందికెళ్ళారు. ఆ కూతురి ఏడుపు చూడలేకపోయాను."

"అయ్యో పాపం," అని పళ్ళాయన టోపీ తీశాడు. ఆ తండ్రి కూడా ఏదో చెబుదామని వచ్చి, చెప్పకుండానే పోయాడు కాబోలు అనుకున్నాడు. తను మాత్రం ఇక క్షణం ఆలస్యం చెయ్యకూడదు. "మా అమ్మాయి ఇక్కడే ఉండాలి. ఎర్ర సంచీ..."

"ఎర్ర సంచీ అమ్మాయే కదయ్యా ఏడ్చింది!"

మడమల సంగతి మరిచిపోయి పళ్ళాయన అసలు దారివెంట కిందికి పరుగెత్తాడు. తన శవాన్ని వెతుకుతున్నవాళ్ళు రెండో మలుపులోనే దొరికారు. దారిలో కనబడలేదంటే లోయలోనే పడి ఉంటాడని తేల్చి, అంచున నిలబడి తొంగిచూస్తున్నారు. కూతురు లోయలోకి "నాన్నా! నాన్నా!" అని గుండెలవిసేలా అరుస్తోంది. నాలుగు నెలలుగా వినని పిలుపు. ఒక్క క్షణం ఆయనకి పలకబుద్ధి కాలేదు, ఇంకోసారి వినాలనిపించింది.

"ఇక్కడున్నానమ్మా," అన్నాడు చివరికి.

స్ట్రెచర్ దబ్బున కింద పడింది. కూతురు వచ్చి మీద పడిపోయింది. "నువ్వు పోయావన్నారు నాన్నా!"

"ఆగమన్నాను తల్లీ. అంతే."

కాపలాదారు కొత్త జంట వంక చూశాడు. జంట ఆకాశం వంక చూసింది.

ఇక ఆపుకోలేక పళ్ళాయన అనేశాడు. "దూరమైతే అయింది. వెళ్ళి చదువుకో తల్లీ." మోటారు ఊసు రాలేదు. నోటిలోంచి ఇంత సాఫీగా మాట వచ్చినందుకు ఆయనకే ఆశ్చర్యమేసింది. కూతురు మాత్రం మొహం కప్పుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది.

"అమ్మకెలా చెప్పాలో తెలీక ఫోను పట్టుకుని కూర్చున్నా నాన్నా. అంతలో కాలేజీవాళ్ళే చేశారు. చేరతావా లేదా అని. మా నాన్న పోయారు, అమ్మ ఒక్కతే అయిపోయింది, నేను రానని చెప్పేశాను."

పళ్ళాయన ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ కొండెక్కాడు. ఎలా ఎక్కాడో ఆయనకే తెలీదు. విడిది గడప తొక్కేసరికి పన్నెండుకి ఇంకా రెండు నిమిషాలున్నాయి. కూతురి ఫోను తీసుకుని ఆయనే మాట్లాడాడు.

"ఇందాక రానని చెప్పిన అమ్మాయి నాన్ననండి."

అవతల గుమాస్తా గొంతు తగ్గించాడు. "మీరు... పోయారన్నారే?"

"పోలేదండీ. పన్నెండు కూడా కాలేదు. మా అమ్మాయి వస్తుంది."

కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "మీరు పోలేదు, సంతోషమండి. సీటు మాత్రం పోయింది. వద్దనగానే వరసలో తర్వాతి అమ్మాయికి ఇచ్చేశాం."

"ఏమన్నారు నాన్నా?" కూతురు ఆయన మొహంలోకి చూస్తూ అడిగింది.

"సీటు పోయిందట తల్లీ."

ఆ రోజు కొండమీద ఒకరినుంచి ఒకరికి అందిన కబుర్లలో, అదొక్కటే అక్షరం పొల్లుపోకుండా చేరింది.