తిట్లు లేని కేకు

పెళ్లాం తిట్టని ఇంట్లో కేకుకు రుచి ఉండదు. ఇది తేలిపోయిన విషయం. కాదన్నవాడు ఎప్పుడూ కేకు దొంగతనంగా తిని ఉండడు.

మాస్టారు దొంగతనంగానే తినేవాడు. మాస్టారంటే పాఠాలు చెప్పేవాడు కాదు, బట్టలు కుట్టేవాడు. వెనక ఇల్లు, ముందు కొట్టు, వీధి మొగలో బేకరీ. ఈ మూడింటినీ ఒకే వరసలో పెట్టినవాడు దేవుడో, గిట్టనివాడో తెలియదు.

వీధిలో అందరి నడుముల కొలతలూ ఆయనకు నోటికొచ్చు. తన నడుము దగ్గరికి వచ్చేసరికి టేపు కనిపించేది కాదు. ప్యాంటు బిగుసుకున్నప్పుడల్లా కుట్టు విప్పి వదులు చేసుకునేవాడు. "ఈ సబ్బుకు బట్టలు కుంచించుకుపోతున్నాయి" అని నింద సబ్బు మీద వేసేవాడు.

ఇంటావిడ తపాలాఫీసులో పార్సిళ్లు తూస్తుంది. దేన్నైనా కంటితో చూసి బరువు చెప్పేస్తుంది. ఆవిడ దగ్గర సబ్బు కథ ఎన్నాళ్లు సాగుతుంది?

"మీసానికి ఏమిటా తెలుపు?"

"గడ్డం గీసుకున్నానే. నురగ."

"నురగైతే నాలుక అటెందుకు పోతోంది?"

అక్కణ్ణుంచి తిట్లు మొదలయ్యేవి. తిండిపోతనేది, జిహ్వకు బానిసనేది, అది కడుపా గోదామా అనేది. మాస్టారు తల వంచుకుని అన్నీ వినేవాడు. మర్నాడు ఆవిడ ఆఫీసుకు వెళ్లగానే కత్తిరింపు బల్ల కింద దూరి, ఆ తిట్లన్నీ తలుచుకుంటూ ఇంకో ముక్క తినేవాడు.

ఒక రోజు డాక్టరు రక్తం పరీక్ష చేయించి చక్కెర పెరిగిందన్నాడు. ఇలాగే సాగితే ముందు మాత్రలు, తర్వాత సూదులు అన్నాడు. ఆ రోజు ఇంటావిడ తిట్టలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. మాస్టారు చూడనట్టు నటించాడు కానీ చూశాడు.

డాక్టరు వాళ్లను ఒక డైటీషియన్ దగ్గరికి పంపాడు. మొహం చూడకముందే ఆవిడకు పథ్యాలమ్మ అని పేరు పెట్టేశాడు మాస్టారు. ఒక ఎత్తు కూడా వేశాడు. తప్పంతా పెళ్లాం నోటి మీదికి తోసేస్తే ఆ నోరు మూతపడుతుంది, కేకు నిలబడుతుంది.

"ఈవిడ తిట్లు భరించలేకే తింటున్నానమ్మా," అన్నాడు పథ్యాలమ్మ ముందు కూర్చుని, ఏడుపు గొంతు పెట్టి. "మనసు కష్టపడితే నోరు కేకు అడుగుతుంది."

"నిజమే మాస్టారూ," అంది పథ్యాలమ్మ. చిన్న వయసు, పెద్ద నవ్వు. "అమ్మా, ఇవాళ్టి నుంచి మీరు తిట్టొద్దు. ఏదీ దాచొద్దు."

మాస్టారికి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "మరి కేకు?"

"తినండి."

"క్రీముతోనా?"

"క్రీముతోనే. పూటపూటా భోజనం ఎలాగో, కేకు ఎంత ముక్కో నేను చెబుతాను. ఒక్కటే మాట. దాక్కుని వద్దు. ఇంట్లోవాళ్ల ముందు, పళ్లెంలో పెట్టుకుని, నిదానంగా కూర్చుని తినండి. సగంలో ఆగి, ఇంకా కావాలా అని కడుపునడగండి."

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు కదమ్మా?"

ఇంటావిడ ఆయన బొజ్జ వైపు చూసింది. "కరగనివ్వండి. వచ్చిందే అందుకు."

ఆ సాయంత్రం మాస్టారు కేకు పెట్టెను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, పోటీలో గెలిచిన కప్పు తెచ్చినట్టు వీధి నడిమధ్యన నడిచొచ్చాడు. ఇంటావిడ పళ్లెం పెట్టింది, చెంచా పెట్టింది. వాళ్లతోనే ఉండే మాస్టారి అత్తగారు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమీ అనవా?" అన్నాడు భార్యతో.

"ఏమంటాను? తినండి."

తిన్నాడు. ఆయన నమిలినప్పుడల్లా అత్తగారు కూడా ఖాళీ నోరు కదిపింది.

"ఎలా ఉంది నాయనా?"

"దూది నమిలినట్టుంది."

మర్నాడు బేకరీకి వెళ్లి పోట్లాడాడు. వంటవాణ్ణి మార్చావా అన్నాడు. "వాడే మాస్టారూ, నోరే మారినట్టుంది," అన్నాడు బేకరీవాడు.

కేకును కుట్టుమిషను సొరుగులో దాచి చూశాడు. ఇంటావిడ దాన్ని తీసి పళ్లెంలో పెట్టి, "మర్చిపోయినట్టున్నారు," అని చెంచా చేతికిచ్చింది. అంతకంటే అవమానం లేదు.

"ఏమే, ఒక్కసారి తిట్టవే," అన్నాడు చివరికి.

"ఆవిడ వద్దంది కదా."

"సగం తిట్టు. 'తిండి' అని ఆపేయ్. 'పోతు' నేను కలుపుకుంటాను."

"ఉహూఁ. పథ్యం పథ్యమే."

అత్తగారి దగ్గరికి కాళ్లబేరానికి వెళ్లాడు. "మీరైనా ఓ మాటనండి అత్తయ్యగారూ."

"అల్లుణ్ణి పైకి తిట్టే అలవాటు మా ఇంటావంటా లేదు నాయనా. మనసులో అనుకుంటాం, అంతే."

ఇక తెగించాడు. ఎంత ఘోరం చేస్తే పెళ్లాం నోరు తెరుస్తుందో చూద్దామని, బడి హెడ్మాస్టరుగారికి కుట్టిన కొత్త కోటు లోపలి జేబులో కేకు ముక్క కాగితంలో చుట్టి దాచాడు. మధ్యాహ్నం ఆఫీసు నుంచి వచ్చి అన్నం తెచ్చినప్పుడు ఆవిడ ఆ ఉబ్బు చూడాలి, చూసి విరుచుకుపడాలి. అదీ లెక్క.

ఆవిడకంటే ముందు హెడ్మాస్టరు వచ్చాడు. మాస్టారు అడ్డుపడేలోపే కోటు తొడుక్కుని, అద్దం ముందు దర్జాగా నిలబడి, పెన్ను పెట్టుకోబోయి లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. చెయ్యి మెత్తగా దిగబడింది. బయటికొచ్చేసరికి మణికట్టు దాకా క్రీము.

"ఏమయ్యా ఇది?"

"అది... లైనింగండీ."

హెడ్మాస్టరు ఆయన్ని బెంచీ ఎక్కించినంత పని చేశాడు. సిగ్గులేదా అన్నాడు, వయసొచ్చింది బుద్ధి రాలేదా అన్నాడు. ఎన్నాళ్లకో చెవిన పడిన తిట్లు. కానీ రుచి లేదు. పరాయి చేతి వంటలా ఉన్నాయి.

అంతలో ఇంటావిడ అన్నం డబ్బాతో గుమ్మంలో నిలబడింది. అంతా విన్నది. మాస్టారి మొహం వెలిగిపోయింది. ఇప్పుడు పడతాయి!

ఆవిడ హెడ్మాస్టరుకు తువ్వాలు ఇచ్చి, కోటు నేను శుభ్రం చేయిస్తానంది. లోపల్నుంచి పళ్లెం, చెంచా తెచ్చి, జేబులోంచి నలిగిన ముక్క తీసి అందులో పెట్టింది.

"కూర్చోండి. నిదానంగా తినండి."

హెడ్మాస్టరు ముందు, నలిగిన కేకు, నిదానంగా. సగంలో ఆగాడు. కడుపునడిగాడు. కడుపు వద్దంది. పుట్టి బుద్ధెరిగాక అది ఆ మాట అనడం అదే మొదలు. ఆయనకు భయమేసింది. చెంచా కింద పెట్టాడు.

ఇంటావిడ ముక్కాలిపీట మీద కూలబడి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇదంతా ఎవరి ఎత్తే?"

"మీకంటే ముందే వెళ్లి ఆవిణ్ణి కలిశాను. ఈయన తినేది నా తిట్లమ్మా, కేకు నంజుకుంటున్నాడంతే అన్నాను. అయితే తిట్లు మానేయమంది." ఆవిడ నవ్వు ఆపి కళ్లు ఒత్తుకుంది. "మానడం మీకంటే నాకే కష్టమైంది. భయంతో తిట్టేదాన్ని. ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నానో."

మాస్టారు పళ్లెం పక్కకు జరిపాడు.

హెడ్మాస్టరు చుట్టూ చూశాడు. పళ్లెం తీసుకుని, కొలతల గది తెర వెనక్కి వెళ్లాడు. తెర వెనక నిలబడి గబగబా నములుతున్న చప్పుడు. బయటికొచ్చి మూతి తుడుచుకుని, "మా ఇంట్లో చెప్పకండి," అన్నాడు.

తర్వాత చక్కెర తగ్గింది. ఎలా తగ్గిందయ్యా అని డాక్టరు అడిగితే, "తగ్గింది," అన్నాడు మాస్టారు. కొట్టుకొచ్చినవాళ్లు ఇప్పటికీ ఆ కోటు సంగతి కదిలిస్తుంటారు. మాస్టారు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుంటాడు. నోట్లో సూదులున్నవాణ్ణి మాట్లాడమని ఎవరూ అనరు. అడిగినవాడు వెళ్లేదాకా అవి అక్కడే ఉంటాయి. ఎంతసేపైనా సరే.