ఐదువేల మీటర్ల తుడుపు

విశ్వవిద్యాలయంలో కొత్తగా వేసిన ట్రాక్ పదికాలాలపాటు చెక్కుచెదరకుండా ఉండాలంటే దాని మీద ఎవరూ పరుగెత్తకూడదని పాలకమండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం ప్రవేశపెట్టినవారు క్రీడల డైరెక్టరుగారే. రోజూ వాడితే ట్రాక్ పదేళ్లు ఉంటుందని దాన్ని వేసిన కంపెనీ రాసిచ్చింది. అసలు వాడకపోతే ఎన్నేళ్లు ఉంటుందన్నది కంపెనీకి తట్టలేదు. డైరెక్టరుగారికి తట్టింది. ఆ ముందుచూపుకు ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

ట్రాక్‌కు కాపలా సున్నం బాబాయ్. ఇరవై ఏడేళ్లుగా పాత మట్టి మైదానంలో సున్నపు గీతలు గీసినందుకు పిల్లలు పెట్టిన పేరది. ఏనాడూ ఆయన గీత వంకర పోలేదు. కొత్త ట్రాక్ మీద గీతలు కంపెనీవాళ్లే రంగుతో వేసేశారు. పాత మైదానాన్ని, కొత్త ట్రాక్ చూడవచ్చే పెద్దల కార్ల కోసం సిమెంటు చేశారు. బాబాయ్‌కి ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక ఈల ఇచ్చి, ఎవరైనా పరుగెత్తితే ఊదమన్నారు.

వేగంగా నడిస్తే ఊదాలా వద్దా అన్న ధర్మసందేహం మొదటి వారమే వచ్చింది. భౌతికశాస్త్ర ఆచార్యులు ముగ్గురితో ఉపసంఘం వేశారు. ఒక పాదమైనా నేల మీద ఉంటే నడక, రెండూ గాలిలో ఉంటే పరుగు అని వారు పదకొండు పేజీల్లో తేల్చారు. అప్పట్నుంచి బాబాయ్ మనుషుల మొహాలు చూడటం మానేసి కాళ్లు చూడసాగాడు.

అలా చూస్తుండగా ఒక ఉదయం బాగా తెలిసిన కాళ్లు రెండు వచ్చి కుర్చీ ముందు ఆగాయి. భూగర్భశాస్త్రం రెండో ఏడు చదివే పొడుగమ్మాయివి. ఆమె ఐదువేల మీటర్లు పరుగెత్తుతుంది. పాత మైదానంలో ఆమె పరుగెడుతుంటే, చుట్టుకో గులకరాయి చొప్పున కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చి లెక్క చెప్పేది బాబాయే. మైదానం పోయాక ఆమె హాస్టల్ మెట్ల మీదా, గ్రంథాలయం వరండాలోనూ పరుగెత్తి, రెండుచోట్లా చీవాట్లు తింది.

"రాష్ట్ర జట్టు సెలెక్షన్స్‌కి ఇంకా ఐదు వారాలే ఉంది బాబాయ్. రోజూ ఒక్క గంట వదలవూ?"

"ఈల నా మెడలో ఉంది గానీ తల్లీ, తాడు వాళ్ల చేతిలో ఉంది. డైరెక్టరుగారిని అడిగి రా."

డైరెక్టరుగారు సాదరంగా కూర్చోబెట్టారు. "ట్రాక్ విజేతల కోసమమ్మా. మెడల్ సర్టిఫికెట్ జతచేసి దరఖాస్తు పెట్టుకో."

"మెడల్ రావాలంటే ముందు ప్రాక్టీసు చెయ్యాలి కదా సార్?"

"శుభ్రంగా చెయ్యి. వద్దన్నదెవరు? ప్రాక్టీసుకి మా పూర్తి ప్రోత్సాహం ఉంటుంది. ట్రాక్ ఒక్కటీ అడక్కు."

ఆమె తిరిగొచ్చి బాబాయ్ పక్కన నేల మీద కూర్చుంది. బూట్ల తాళ్లు విప్పింది, మళ్లీ కట్టుకుంది, వెళ్లిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే నాలుగు మాటలు చెప్పి ఓదార్చేవాడు; ఏడవకపోయేసరికి ఆయనకు ఆ పూట తిండి సయించలేదు.

"ఆ పిల్ల పరిగెడితే మీ సొమ్మేం పోయింది?" అంది భార్య.

"ఉద్యోగం పోతుంది."

"పిల్లల్ని పరిగెత్తించడమే కదా మీ ఉద్యోగం!"

బాబాయ్ తీర్మానం నకలు తీసి చదవడం మొదలుపెట్టాడు. తొమ్మిదో అంశం దగ్గర ఆగిపోయాడు. ట్రాక్‌ను ప్రతి ఉదయం తుడవవలెను. పరుగెత్తరాదన్న నిబంధన క్రీడాకారులకూ సందర్శకులకూ మాత్రమే. తుడిచేవారి వేగం గురించి ఎవరూ ఏమీ రాయలేదు.

మర్నాడు పొద్దున్నే రెండు గోనెసంచులు కలిపి కుట్టి, నీళ్లలో ముంచి, తాడుతో ఆమె నడుముకు కట్టాడు.

"తుడువమ్మా."

"ఎంతసేపు?"

"పన్నెండున్నర చుట్లు."

ఆమె పకపకా నవ్వింది. తడిగోనె ఈడ్చుకుంటూ మొదటిరోజు మూడు చుట్లకే చతికిలబడింది. రెండో వారానికి ఎనిమిది. మూడో వారానికి గోనె ఆమె వెనక గాలిపటంలా లేస్తోంది. రెండు పాదాలూ గాలిలో ఉండటం బాబాయ్ స్పష్టంగా చూశాడు. ఈల ఊదలేదు; రాయి మార్చాడు.

ఒకరోజు డైరెక్టరుగారు స్వయంగా వచ్చి చూశారు. పారిశుద్ధ్యంలో ఇంత చురుకుదనం తానెన్నడూ చూడలేదని మెచ్చుకున్నారు. అయితే మొదటి వరస మాత్రమే మెరుస్తోందనీ, తక్కిన ఏడు వరసల మీద చూపుతున్న నిర్లక్ష్యానికి సంజాయిషీ ఇవ్వాలనీ మెమో పంపారు. దాంతో ఆమె బయటి వరసలో కూడా తుడవాల్సి వచ్చింది. అక్కడ చుట్టు పెద్దది. రోజూ అరకిలోమీటరు పైచిలుకు అదనపు సాధన డైరెక్టరుగారి ఉత్తర్వు మీదే దొరికింది.

సెలెక్షన్స్ వేరే ఊళ్లో, ఒక చిన్న కాలేజీ మట్టి మైదానంలో జరిగాయి. బాబాయ్ సెలవు పెట్టి వెళ్లి కంచె పక్కన నిలబడ్డాడు. గోనె లేని నడుముతో ఆమె మొదటి అడుగు నుంచే తేలిపోయింది. రెండో అమ్మాయి కంటే అర చుట్టు ముందు గీత దాటి మెడల్ గెలిచింది. కళ్లు తుడుచుకునే హడావిడిలో బాబాయ్ చివరి రాయి మార్చనేలేదు.

సన్మానం కొత్త ట్రాక్ మీదే పెట్టారు. ఇనుప కాళ్ల వేదిక వేశారు. నాలుగు వందల కుర్చీలు ఈడ్చుకొచ్చి పరిచారు. వైస్ చాన్సలర్‌గారి కారు మూడో వరసలోంచి నేరుగా వేదిక దాకా వచ్చింది. బాబాయ్ ఉండబట్టలేక ఈల ఊదాడు.

డైరెక్టరుగారు పరుగున వచ్చారు. "నీకేమైనా మతిపోయిందా? ఇక్కడ ఎవరైనా పరుగెడుతున్నారా?"

"మీరు తప్ప ఎవరూ లేరు సార్."

వైస్ చాన్సలర్‌గారు ముప్పావుగంట మాట్లాడారు. "ప్రపంచస్థాయి సౌకర్యాలు కల్పిస్తే మన బిడ్డలు ఏమి సాధించగలరో చెప్పడానికి ఈ ట్రాకే సాక్షి!" అన్నప్పుడు చప్పట్లు ఆగలేదు. తర్వాత మైకు అమ్మాయికిచ్చారు.

"నన్నిక్కడ పరిగెత్తనివ్వలేదండీ. నడుముకి గోనె కట్టుకుని తుడిచాను. ఈ మెడల్లో సగం మా సున్నం బాబాయ్‌ది."

సభంతా నవ్వింది. ఎంత వినయమోనని ముందు వరసవారు కళ్లొత్తుకున్నారు. సభ అయ్యాక ఆమె దరఖాస్తుకు మెడల్ సర్టిఫికెట్ జతచేసి ఇచ్చింది. డైరెక్టరుగారు ట్రాక్ వైపు చూసి నిట్టూర్చారు. "వేదిక కాళ్లకి గుంటలు పడ్డాయమ్మా. నీ కాలు బెణికితే దేశానికే నష్టం." ఆ నెలలోనే ఆమె వేరే విశ్వవిద్యాలయానికి బదిలీ చేయించుకుంది. అక్కడ ఉన్నది మట్టి మైదానమే, గేటు మాత్రం తీసే ఉంటుందట. వెళ్లేముందు బాబాయ్ కాళ్లకు దణ్ణం పెట్టబోతే ఆయన భుజాలు పట్టుకుని లేపి, మొహంకేసి చూసి, "వెళ్లిరా తల్లీ" అన్నాడు.

పాలకమండలి ఊరుకోలేదు. పతకానికి మూలం తుడుపేనని శాస్త్రీయంగా నిర్ధారించి, తుడుపులో ఏడాది సర్టిఫికెట్ కోర్సు ప్రారంభించింది. అరవై సీట్లు. మొదటిరోజే తొమ్మిది వందల మంది వచ్చారు. ఫారాలు పంచే బల్ల దగ్గర బాబాయ్‌ని కూర్చోబెట్టారు.

క్యూలో ఒక తండ్రి పదేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని బల్ల దాకా వచ్చాడు. "ఎన్నేళ్లు తుడిస్తే మెడల్ వస్తుందండీ?"

పాప కంచెలోంచి ఎర్రటి ట్రాక్‌నే చూస్తోంది. మడమలు నేల మీద నిలవడం లేదు.

"ముందు పరిగెత్తనివ్వండి బాబూ. ఆ కాళ్లు చూడండి, ఆగుతున్నాయా?"

"అబ్బే, పరుగులూ అవీ పెట్టుకుంటే చదువు పాడైపోతుందండీ. మాకు సర్టిఫికెట్ చాలు" అని, ఆయన పాప చెయ్యి గట్టిగా బిగించాడు. "కదలకుండా నిలబడు. పడతావ్."

వెనక ఉన్న తల్లిదండ్రులు ఆయన తెలివికి మెచ్చుకోలుగా తలలూపారు. ఆ క్యూ ఇప్పుడు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది. మీరు కాస్త వెనక నిలబడ్డారు కాబట్టి ముందేం జరుగుతోందో కనబడకపోవచ్చు. కంగారు పడకండి, ఫారాలు అందరికీ సరిపోతాయట.