ఎనిమిది అడుగుల సడలింపు

ఆ సోమవారం ఉదయం తర్కశాస్త్రం లెక్చరరు పెట్టుకున్న పని ఒక్కటే. పట్టణ ప్రణాళిక కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి, పదకొండింటి క్లాసుకు చేరుకోవాలి. చెరువు ఒడ్డునున్న తన ఇంటికి నీటివైపు చదువుకునే గది ఒకటి కట్టుకోవాలని ఆయన చిరకాల కోరిక. ఒడ్డుకూ గోడకూ మధ్య ముప్పై అడుగులు ఖాళీ వదలాలని నిబంధన. గది కడితే ఇరవై రెండే మిగులుతాయి. ఆ ఎనిమిది అడుగులకు కమిటీ సడలింపు ఇవ్వాలి.

గుమాస్తా కాగితాన్ని పైనుంచి కిందికి చూసి, 'ఇబ్బంది' అన్న గడి మీద వేలు పెట్టాడు.

"'ప్రశాంతంగా ఆలోచించుకోవడానికి చోటు లేదు'... ఇదేం ఇబ్బందండీ? మాకు మాత్రం ఉందా చోటు?"

"మరేం రాయమంటారు?"

"మెట్లెక్కలేని పెద్దవాళ్లెవరైనా ఉంటే రాయండి. కమిటీవాళ్లు ఇట్టే కరిగిపోతారు."

లెక్చరరుకు మిగిలిన పెద్దదిక్కు అత్తగారొక్కరే. ఆవిడ ఉండేది వేరే ఊళ్లో. ఆటల టీచరుగా రిటైరయ్యారు. అరవై ఎనిమిదేళ్ల వయసులో కూడా బస్సు ఆలస్యమైతే ఊరికే నిలబడే ఓపిక లేక, తరవాతి స్టాపుదాకా నడిచి అక్కడ ఎక్కే మనిషి. ఆయన పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో తాను ఆలోచించింది సత్యం గురించి కాదనీ, పదకొండింటి క్లాసు గురించేననీ తరవాత తనకు తానే ఒప్పుకున్నాడు. 'మోకాళ్లు అరిగి మెట్లెక్కలేని మా అత్తగారి నివాసం కొరకు' అని రాసి సంతకం పెట్టాడు.

సడలింపు కోరిన ప్రతి దరఖాస్తు నకలునూ చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ పోస్టులో పంపుతారని ఆయనకు తెలియదు. గురువారం సాయంత్రం పక్కింటి ఎముకల డాక్టరమ్మ ఆ నకలు పట్టుకుని వచ్చి లెక్చరరు భార్యను అడిగింది.

"ఏమ్మా, పక్కింట్లో నన్ను పెట్టుకుని అమ్మ మోకాళ్ల సంగతి ఒక్క ముక్కయినా చెప్పలేదేం?"

"మా అమ్మ మోకాళ్లా?" అంటూ భార్య భర్తవైపు చూసింది. భర్త కిటికీ తెరవైపు చూశాడు. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆ చూపు అర్థం ఆమెకు తెలుసు. "అవునండీ... అమ్మకి చెప్పుకోవడం ఇష్టం ఉండదు" అని ఎలాగో గట్టెక్కించింది.

డాక్టరమ్మ వెళ్లగానే తలుపు వేసింది.

"గది కావాల్సింది మీకు. అరగ్గొట్టుకుంటే మీ మోకాళ్లు అరగ్గొట్టుకోవాల్సింది. మా అమ్మవెందుకండీ?"

లెక్చరరు తర్కశాస్త్రం పుస్తకం తెరిచి అందులో తల దాచుకున్నాడు.

శనివారానికి వీధివాళ్లు చక్రాల కుర్చీ ఒకటి తెచ్చి వరండాలో పెట్టారు. ఆదివారం ఎదురింటి వడ్రంగి, ఎవరూ అడక్కుండానే, గుమ్మం మెట్ల మీద ఏటవాలుగా చెక్క దిగ్గొట్టిపోయాడు. "పెద్దావిడ ఎప్పుడొస్తారు?" అని అడిగినవాళ్లకల్లా లెక్చరరు "వైద్యానికి వెళ్లారు" అన్నాడు. ఎక్కడికని అడిగితే ఒక ఊరు చెప్పాడు. ఏ ఆసుపత్రని అడిగితే దగ్గాడు. మంచితనం ఇంత భయంకరంగా ఉంటుందని ఆయన ఏ గ్రంథంలోనూ చదవలేదు. ఇంట్లోకి వచ్చేటప్పుడు ఖాళీ కుర్చీ కంటపడకుండా గోడవైపు తిరిగి నడవసాగాడు.

డాక్టరమ్మ మాత్రం ఊరుకునే రకం కాదు. ఫోను నంబరు సంపాదించి, పెద్దావిడకే నేరుగా ఫోను చేసింది.

విచారణ రోజు వీధి సగం కమిటీ హాల్లోనే ఉంది. లెక్చరరు పేరు పిలిచేసరికి వెనక తలుపు తెరుచుకుంది. అత్తగారు వచ్చారు. చేతికర్ర మీద బరువు మోపి, అడుగు అడుగుకీ ఆగుతూ, పళ్ల బిగువున నొప్పి ఓర్చుకుంటున్నట్టు వచ్చారు. ఇద్దరు లేచి చోటిచ్చారు. డాక్టరమ్మ చెయ్యి అందించింది.

డాక్టరమ్మ ఫోను సంగతి తెలిసి, అత్తగారు వచ్చి తనను నలుగురిలో నిలదీస్తారని లెక్చరరు రాత్రంతా భయపడ్డాడు. ఆవిడ కుంటుతారని మాత్రం ఊహించలేదు. తన ఒక్క వాక్యాన్ని నిజం చెయ్యడానికి ఈ వయసులో ఒక మనిషి నడక మార్చుకుని వచ్చింది. తల కొట్టేసినట్టయింది. ఇక కూర్చోలేక లేచాడు.

"అయ్యా, ఆవిడకి ఏ జబ్బూ లేదు. నాకంటే వేగంగా నడుస్తారు. అబద్ధం రాసింది నేను. గది నా పుస్తకాల కోసం."

ముసలి చైర్మన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కళ్లముందు కనిపిస్తూనే ఉంది కదా బాబూ. అత్తగారు నలుగురిలో చిన్నబోకూడదని గది పోగొట్టుకోడానికి కూడా సిద్ధపడ్డారు. ఇలాంటి అల్లుణ్ణి నేనింతవరకు చూడలేదు."

"నేను నిజమే చెబుతున్నానండీ!"

"కూర్చోండి, కూర్చోండి" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు, కళ్లు ఒత్తుకుంటూ. సడలింపు ఏకగ్రీవంగా మంజూరైంది. షరతు ఒక్కటే: గదిలో పెద్దావిడ తప్ప వేరెవరూ ఉండరాదు.

బయట ఎవరూ లేని చోట అత్తగారు కర్రను చంకలో పెట్టుకుని మెట్లు చకచకా దిగారు. అల్లుడు వెనకే పరుగెత్తాల్సి వచ్చింది.

"క్షమించండి అత్తయ్యగారూ. మిమ్మల్ని..."

"డాక్టరమ్మ మీ కాగితమంతా చదివి వినిపించింది బాబూ. మోకాళ్ల మాట నాకు నచ్చలేదు. గది మాట నచ్చింది." ఆవిడ ఆగారు. "పెళ్లయి పంతొమ్మిదేళ్లు. వచ్చి మా దగ్గరుండండని మీ నోటివెంట ఒక్కసారీ రాలేదు. పోనీలే, కాగితం మీదైనా అన్నారనుకున్నాను."

ఆయనకు నేల కనిపించింది, తన బూట్లు కనిపించాయి. తల ఎత్తితే ఆవిడ ముఖం కనిపిస్తుంది.

"గది ఎప్పటికవుతుంది?"

"వానలు వెళ్లాకండీ."

"అందాకా మీ ముందుగదిలో సర్దుకుంటాలే. సామాను రేపే వస్తుంది."

లెక్చరరు తల ఊపాడు. అందుకు ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు.