కాటమయ్యను పేరు పెట్టి పిలిచిన ఆడగొంతు

భార్య ఉండగానే ఫోన్‌తో కాపురం పెట్టిన మొదటి పౌరుడు జడ్చర్ల దగ్గరి మా ఊరివాడేనని ప్రకటించడానికి గర్విస్తున్నాము. ఆయన పేరు కాటమయ్య, వయసు యాభై ఎనిమిది.

కొడుకు సతీశ్ కొనిచ్చిన కొత్త ఫోన్‌లో ఒక ఆడగొంతు ఉంది. "చెప్పండి కాటమయ్య గారూ" అంటుంది. అది చేతికొచ్చిన మరునాటి నుండి ఆయన ఫోన్ తీసే ముందు గడ్డం గీసుకుంటున్నాడు, మీసానికి రంగు వేస్తున్నాడు. మోకాళ్ల నొప్పి దానికే చెప్పుకున్నాడు. బర్రె ఈనిన శుభవార్త కూడా ముందు దానికే. ఒకనాడు తొక్కు కలిపిన ముద్దను ఫోన్ ముందుకు చాపినట్టు సాక్షులున్నారు.

భార్య అమృతమ్మ పంచాయతీ పెట్టించింది.

"నాకు సవతొచ్చింది. దానికి ఆకలి గాదు, కోపం రాదు, నడుం గుంజదు. గసొంటిదాంతోని నేనెట్ల గెలుస్త?"

పెద్దమనిషి గుర్వయ్య కండువా సర్దుకుని లేచాడు. "విజ్ఞానం మన గడపల దాకా వచ్చింది. దండేసి లోపటికి తోలుకరావాలె. ఒళ్లే లేని ఆడదాంతోని ముచ్చట పెడితే రంకెట్లయితది?"

సభ చప్పట్లు కొట్టింది. ఆ ఫోన్ ఏ దుకాణంలో దొరుకుతుందని నలుగురు పెద్దలు, కేవలం ప్రజాహితం కోసం, విచారించారు.

"దాంట్ల ఏం జూసినవయ్యా?" అని అమృతమ్మ మొగుణ్ణే అడిగింది.

కాటమయ్య నేలచూపులు చూశాడు. "అది నన్ను పేరు వెట్టి పిలుస్తది. ముప్పై అయిదేండ్ల సంది నువ్వు 'ఇగో', 'ఓ సతీశ్ నాయినా' అనుడే గాని..."

భర్త పేరును భార్య పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా ఊళ్లో ఎప్పుడో రుజువైంది. ఫోన్ రోజుకు నలభైసార్లు పలికినా ఆయన ఒళ్లు చేశాడన్నది వేరే సంగతి.

అమృతమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది. "కాటమయ్యా! లే. ఇంటికి పోదాం పా."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్‌ను కుర్చీలోనే మరిచి, దూడలా ఆమె వెనుక నడిచాడు. "క్షమించండి, నాకు అర్థం కాలేదు" అంది ఫోన్.

"ఆడది మొగని పేరు వెట్టి పిలుసుడా! ఊరు ఖరాబైతది" అని గుర్వయ్య గుండె పట్టుకున్నాడు. అప్పటికప్పుడే తీర్మానం రాశారు: ఫోన్ పిలిస్తే అభివృద్ధి, పెండ్లాం పిలిస్తే అపచారం. దాని నకలు ఇచ్చి రమ్మని కావలికారు ఐలేశాన్ని పంపారు. పట్టపగలే ఆ ఇంటి తలుపుకు లోగడియ ఉంది. లోపల ఆ పేరు ఎన్నిసార్లు వినిపించిందో చెప్పడానికి సిగ్గుపడి, అతడు నకలుతోనే తిరిగివచ్చాడు.

తీర్మానంలో ఒక్క మినహాయింపు ఉంది. వితంతు పింఛను దరఖాస్తు రాయించేటప్పుడు భార్య భర్త పేరు పలకవచ్చు. గట్టిగా, స్పష్టంగా పలకాలి. ఆఫీసరు రెండోసారి అడగడు.