తోసుకొచ్చిన మిషన్

ఆ వేళ పొద్దున్నే దర్జీ అనుకున్నది ఒక్క పనే. బజారుకెళ్ళి గుండీలు తెచ్చుకోవాలి, రాగానే ఇంటి పక్కనున్న షెడ్డు ఖాళీ చేయాలి. అవి రెండు పనులు కదా అని ఎవరైనా అడగవచ్చు. రెండోది అతను పెళ్ళైన కొత్తలో నుంచీ అనుకుంటూనే ఉన్నాడు కాబట్టి దాన్ని పని కింద జమకట్టడం ఎప్పుడో మానేశాడు.

ఆ షెడ్డు అతను భార్యకి ఇస్తానన్నది. వీధి వైపు గదిలో అతని షాపు. ఆవిడ వంటింట్లో పొయ్యికీ తలుపుకీ మధ్య మిషన్ వేసుకుని ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. తలుపు తీయాలంటే మిషన్ జరపాలి, గిన్నె పొంగితే కుట్టు ఆపి లేవాలి. షెడ్డులోకి మారితే కాళ్ళయినా చాపుకుంటానని ఆవిడ అడుగుతుంది. "చూద్దాం" అని అతను అంటాడు. అతని నోట్లో ఆ మాటకి అర్థం "ఇప్పుడు కాదు" అని. ఎప్పుడన్నది ఆ మాటలో ఉండదు.

ఆ పొద్దున ఆవిడ అడగలేదు కూడా. "ఈసారి గాలివానకి షెడ్డు పైకప్పు లేచిపోతే బాగుణ్ణు. లోపల ఏముందో చూడొచ్చు" అంది.

"ఇవాళ ఖాళీ చేసేస్తాలే. షాపు నాకు, షెడ్డు నీకు. ఇక మాట లేదు" అన్నాడు దర్జీ.

ఆవిడ, మబ్బు చూసి వాన పడుతుందా లేదా అని అంచనా వేసినట్టు, అతని మొహం ఒకసారి చూసి లోపలికి పోయింది.

బజారుకి వెళ్ళే దారిలో డ్రైవింగ్ మాస్టారి ఇల్లు. ఊళ్ళో సగం మందికి బండి నడపడం నేర్పింది ఆయనే. మిగతా సగం మంది పక్కకి తప్పుకోవడం నేర్చుకున్నదీ ఆయన వల్లే. ఇప్పుడు చూపు తగ్గి మానేశాడు. ఆయన వాకిట్లో పాత కారు ఒకటి నిలబడి ఉంది, మెడలో "అమ్మబడును" అన్న అట్టముక్కతో. గుండ్రటి దీపాలు, వంపు తిరిగిన రెక్కలు, ఒకప్పుడు మీగడ రంగు. తాతల కాలం నాటి పెద్దమనిషి పళ్ళు ఊడాక కూడా కోటు వేసుకుని కూర్చున్నట్టుంది.

దర్జీకి కొనే ఉద్దేశం లేదు. కొనే ఉద్దేశం లేనివాళ్ళే వస్తువు చుట్టూ ఎక్కువసార్లు తిరుగుతారని తన షాపులో రోజూ చూస్తూనే ఉంటాడు. అయినా తిరిగాడు. తలుపు తాడుతో కట్టి ఉంటే కిటికీలోంచి తల దూర్చాడు. వెనక సీటు చిరిగి పీచు బయటికొచ్చింది. పన్ను నొప్పి ఉన్నవాడి నాలుక పన్ను మీదికే పోయినట్టు, చిరుగు కనిపిస్తే అతని చెయ్యి మెడలో టేపు మీదికి పోతుంది. సీటు కొలిచాడు. టేపు ఎలాగూ తీశాను కదా అని కారు పొడుగూ, వెడల్పూ కూడా కొలిచాడు.

"టేపు పెట్టేశారుగా" అన్నారు వెనక నుంచి.

మాస్టారు అరుగు మీద నిలబడి ఉన్నాడు.

"ఊరికే, అలవాటు కొద్దీ" అన్నాడు దర్జీ.

"మీ షాపులో ఏం రాసుంది టైలరు గారూ?"

దర్జీ టేపు చుట్టేసి మళ్ళీ మెడలో వేసుకున్నాడు. టేపు పెట్టిన తర్వాత మాట మార్చరాదు అని రాసి ఉంది. రాసిందీ అతనే. ఒకసారి మాస్టారు చొక్కా చేతులు కాస్త కురచ చేయించుకుందామని వచ్చి, మాటల్లో ఉండగానే కొలతలు ఇచ్చేసి, నిండు సూటు కుట్టించుకుని వెళ్ళాడు. అది వేసుకునే సందర్భం ఆయనకి ఇంతవరకు రాలేదు.

"ఎంతకి ఇస్తారేంటి?" అన్నాడు దర్జీ. అడక్కపోతే బాగుండదని అడిగాడు.

మాస్టారు చెప్పిన ధరకి ఓ మోస్తరు కుట్టు మిషన్ కూడా రాదు.

"అంత చవకా? రిపేర్లేమున్నాయి?"

"ఏం లేవో చెబుతాను, అది తొందరగా అయిపోతుంది. హారను బాగుంది." మాస్టారు కారు వీపు నిమిరాడు. "ఇలాంటివి ఇప్పుడు చెయ్యట్లేదండీ."

ఎందుకు చెయ్యట్లేదో కొంచెం కొంచెం అర్థమవుతూనే ఉంది దర్జీకి. కానీ అప్పటికే అతను మనసులో భార్యని పక్కన కూర్చోబెట్టుకుని ఊరు దాటేశాడు. మంచి తెలివైనవాణ్ణే గానీ, తెలివి నా కంటే కొంచెం నిదానంగా నడుస్తుందని తనని గురించి తనే అనుకుంటుంటాడు.

"చూద్దాం మాస్టారూ" అన్నాడు.

ఇంట్లో ఆ మాటకి విలువ లేదు. మాస్టారి వాకిట్లో ఉంది. ఆయన వెంటనే కారు మెడలో అట్టముక్క తీసేశాడు.

గుండీలు మరిచిపోయి దర్జీ షాపుకొచ్చేసరికి మెకానిక్కు గుమ్మంలో ఉన్నాడు. ఇతనికి లారీ అయినా, స్కూటరైనా, నీళ్ళు తోడే మోటారైనా అన్నీ మిషన్లే. గుమ్మం పక్కన బల్ల వేసుకున్న ఇస్త్రీ అతను చొక్కా మీద పెట్టె ఆపి మరీ వింటున్నాడు.

"మాస్టారు ఫోన్ చేశారన్నా. మిషన్ మంచిది. పాతదైనా గట్టి ఇనుము. మీ షెడ్డులో పడుతుందా?"

ఇక్కడ దర్జీ "నేనింకా కొనలేదు" అనాల్సింది. కానీ పడుతుందా లేదా అన్నది కొలతల ప్రశ్న. కొలతల ప్రశ్నకి తెలియదనడం అతని వృత్తిలో లేదు. వెళ్ళి, పాత గుడ్డల మూటల మీదుగా టేపు సాగదీసి వచ్చాడు.

"రెండు పక్కలా బెత్తెడేసి మిగులుతుంది" అన్నాడు, కొంచెం గర్వంగానే.

"అయితే సాయంత్రం నలుగురిని పట్టుకుని తోసుకొచ్చేస్తాం."

"ఆగవయ్యా, నేనింకా ఏమీ అనలేదు."

"అనడమెందుకన్నా, కొలిచారుగా" అని మెకానిక్కు వెళ్ళిపోయాడు.

ఈ సంగతి వంటింట్లోకి చేరేలోపల తెంచేయాలి. వద్దని చెప్పడానికి దర్జీ మాస్టారి ఇంటికి బయలుదేరాడు. దారంతా సాధన చేశాడు. "మా ఆవిడ ఒప్పుకోలేదండీ" అందామా, "మోకాళ్ళ నొప్పులండీ" అందామా? రెండోదే మర్యాదగా ఉందనిపించింది. తీరా వెళ్తే ఇంటికి తాళం. మాస్టారు కారుకి కొత్త తాడు కొనడానికి బజారుకెళ్ళాడట.

ఈలోగా ఇస్త్రీ అతను మడతపెట్టిన బట్టలు ఇవ్వడానికి పెరటి వైపుకి వెళ్ళాడు. "వదినా, షెడ్డులోకి మిషన్ వస్తోంది. పాతదేగానీ గట్టి ఇనుమట. నలుగురు తోసుకురావాలట, అంత పెద్దది. అన్నయ్య కొలతలు కూడా తీసుకున్నాడు" అన్నాడు. విన్నది విన్నట్టే చెప్పాడు పాపం, ఒక్క అక్షరం కల్పించలేదు.

దర్జీ కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల మూటల్లేవు, విరిగిన కుర్చీల్లేవు. నేల కడిగి ఉంది. భార్య కొంగు నడుముకి దోపుకుని, చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తులేదు.

"నాకు తెలిసిపోయిందిలెండి" అంది.

"ఎవరు చెప్పారు?" అన్నాడు దర్జీ.

"ఎవరైతే ఏం. మీరు నోరు విప్పి చెప్పేసరికి నాకు ముసలితనం వస్తుంది."

"నీకు కోపం లేదా?"

"కోపమెందుకు? పాతదైతే మాత్రం? గట్టిదేనటగా."

"ఇనుము గట్టిదే. అక్కడక్కడ తుప్పు."

"తుప్పుదేముంది, నూనె వేసి తుడుచుకుంటాను. తొక్కడం కష్టమా?"

"ఎడమ కాలితో గట్టిగా తొక్కాలేమో."

"నేను రెండు కాళ్ళతోనూ తొక్కుతాను. అలవాటేగా."

ఈవిడకి ఎక్కడ అలవాటైందా అని దర్జీ ఒక్క క్షణం ఆలోచించాడు. ఆడవాళ్ళ సంగతులు మనకేం తెలుసులే అనుకుని ఊరుకున్నాడు.

"దీపం ఉందా? ఈ మధ్య మసక వేళ నాకు చూపు సరిగ్గా ఆనడం లేదు."

"రెండున్నాయి. ఒకటి వెలుగుతుంది."

"అబ్బో, రెండా!" అని ఆవిడ చీపురు గోడకి ఆనించింది. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "తీరా వచ్చాక మీరే కూర్చుంటాననరు కదా?"

"నువ్వే ముందు కూర్చుంటావు" అన్నాడు దర్జీ. ఇలాంటి ఇల్లాలికి భయపడి, మోకాళ్ళ నొప్పులని అబద్ధమాడబోయినందుకు తనని తానే తిట్టుకున్నాడు. అటు నుంచి అటే మళ్ళీ మాస్టారి ఇంటికెళ్ళి, అడిగినంతా చేతిలో పెట్టి, బేరం ఖాయం చేసేశాడు. జీవితంలో ఇంత తొందరగా ఏ నిర్ణయమూ తీసుకోలేదని దారిలో పొంగిపోయాడు కూడా.

సాయంత్రం కారు బయలుదేరింది. కొన్నవాడే స్టీరింగు పట్టుకోవాలని మాస్టారు పట్టుబట్టి, తాడు విప్పి దర్జీని లోపల కూర్చోబెట్టాడు. "తిప్పడమొకటే మీ పని. వెళ్ళడం సంగతి వాళ్ళు చూసుకుంటారు" అన్నాడు. మెకానిక్కు, అతని ముఠా వెనక నుంచి తోశారు. దారిలో కనబడ్డవాళ్ళంతా ఒక చెయ్యి వేశారు. వేసిన ప్రతివాడూ ఒక సలహా కూడా వేశాడు. దర్జీ ఒకటి రెండుసార్లు హారను కొట్టాడు. అది నిజంగానే బాగుంది.

ఇంటి ముందు భార్య తన దగ్గర కుట్టించుకునే ఆడవాళ్ళని నలుగురిని పోగేసుకుని నిలబడి ఉంది. మిషన్ మీద కప్పడానికని అంచు కుట్టిన గుడ్డ చేతిలో ఉంది. కారు కనిపించగానే, దారికి అడ్డమని అందరినీ పక్కకి జరిపింది. కారు పోతే వెనక మిషన్ వస్తుందని వీధి చివరికి చూస్తోంది.

కారు పోలేదు. ఆవిడ ఎదుటే షెడ్డు వైపు తిరిగింది. వీధి నుంచి షెడ్డులోకి పల్లం కావడంతో తోసేవాళ్ళు చేతులు తీసేసినా ఆగకుండా, గుమ్మం దాటి, కడిగిన నేల మీదుగా లోపలికి పోయి, ఎదురు గోడకి మూతి ఆనించి నిలబడింది. లోపల ఎక్కడో కటుక్కున చప్పుడైంది.

"బ్రేకులు పట్టేశాయి" అన్నాడు మెకానిక్కు. వంగి చూసి, "ఇక వదలవు" అని కూడా అన్నాడు.

దర్జీ దిగబోయాడు. తలుపు బెత్తెడు తెరుచుకుని గోడకి తగిలింది. అవతలి తలుపూ అంతే. కొలత తప్పలేదు. రెండు పక్కలా సరిగ్గా అతను చెప్పినంతే మిగిలింది. చొక్కా కుడితే చంక దగ్గర ఎంత వదులు వదలాలో నిద్రలో కూడా చెప్పగలడు. కారులోంచి మనిషి దిగుతాడన్న సంగతి మాత్రం అతనికి తట్టలేదు. అడకత్తెరలో పోకచెక్కలా కూర్చుని, వెనక అద్దంలోంచి చూశాడు.

భార్య షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. కేకలు వేస్తుందనుకున్నాడు. వేయలేదు. అద్దం దగ్గరికి వచ్చింది.

"ఇదా మిషన్?"

"నీకు తెలిసిపోయిందన్నావుగా" అన్నాడు లోపలి నుంచి.

ఆవిడ దీపాలనీ, తొక్కుడునీ, తుప్పునీ ఒక్కొక్కటే మనసులో లెక్కపెట్టుకున్నట్టుంది. చేతిలో గుడ్డ వైపు చూసుకుంది.

"షాపు ఒకరికి, షెడ్డు ఒకరికి. అంతేనా మన మాట?"

"అంతే" అన్నాడు దర్జీ, మాట ఎటు పోతోందో తెలియక.

"మీరు షెడ్డు తీసుకున్నారు. సరే" అని వెళ్ళిపోయింది.

మెకానిక్కు వెనక అద్దం చుట్టూ రబ్బరు ఊడదీసి, అద్దం తీసేసి, నలుగురి సాయంతో దర్జీని చేతులు పట్టి లాగేసరికి, ఆవిడ మిషన్ వంటింట్లోంచి షాపులోకి, వీధి కిటికీ పక్కకి వచ్చేసింది. ఆవిడ కాళ్ళు చాపుకుని కూర్చుని దారం ఎక్కిస్తోంది. ఆడవాళ్ళు నలుగురూ చుట్టూ ఉన్నారు. అతని మిషన్ మీద పరిచిన గుడ్డకి అంచు చక్కగా ఉంది. ఆ మాట అనడానికి అతనికి ధైర్యం చాలలేదు.

బ్రేకుల సామాను ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదట. ఇలాంటివి చెయ్యట్లేదని మాస్టారు ముందే చెప్పాడు. షాపులో ఇద్దరికి చోటు చాలదు, పైగా ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. అంచులు మడవడం, కాజాలు తీయడం లాంటి చేతిపనంతా దర్జీ షెడ్డులో, అద్దం లేని వెనక కిటికీలోంచి దూరి, కారు వెనక సీటు మీద కూర్చుని చేసుకుంటాడు. సీటు చిరుగు బాగా కుట్టాడు, అది ఎవరైనా ఒప్పుకోవాలి.

దర్జీ లేడా అని ఎవరైనా వస్తే భార్య తల ఎత్తకుండానే, "కారులో ఉన్నారు" అంటుంది. ఎప్పుడొస్తారని అడిగితే, "వెళ్తేగా" అంటుంది.