ఈల వేసిన కార్యదర్శి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మన ఉమ్మడి కబడ్డీ క్రీడాధికారుల సంఘం ప్రధాన కార్యదర్శి ఎల్లేశ్ గారిని, మరిపెడ ఫైనల్లో వేలాది మంది చూస్తుండగా, పట్టపగలు, ఈల వేసిన కారణంగా పదవి నుంచి తొలగించడమైనది. తొలగింపు ఏకగ్రీవం. ఎల్లేశ్ కూడా చెయ్యెత్తాడు. అన్ని తీర్మానాలకూ ఎత్తీ ఎత్తీ ఆ చేతికి అలవాటైపోయింది.

కబడ్డీ రెఫరీ ఈల వేస్తే తప్పేమిటని మీకు అనిపించవచ్చు. సంఘాలు నడిపిన అనుభవం లేకపోతే అలాగే అనిపిస్తుంది. మొదటినుంచీ చెబుతాను.

ఎల్లేశ్ జనగామ పత్తి మార్కెట్లో కాంటా దగ్గర పనిచేస్తాడు. కాంటా ఎంత చూపిస్తే అంతే చెప్పడం అతనికున్న జబ్బు. తొమ్మిదేళ్ల కిందట రెఫరీ పరీక్ష పాసై ఒక ఈల కొనుక్కున్నాడు. ఊళ్లలో జరిగే చిన్నాచితకా ఆటలకు ఊదాడు గానీ, ఫైనల్ అనేదానికి ఇంతవరకూ ఊదలేదు. ఫైనల్ రోజున ఎక్కడినుంచో ఎవరి బావమరిదో ఊడిపడి ఈల అందుకునేవాడు. ఎల్లేశ్ భార్య భాగ్య వాడకట్టంతా చెప్పుకుని నవ్వేది. "దేవునికి మొక్కి ఎవలైన ఇల్లడుగుతరు, జాగడుగుతరు. మా ఆయనేమో ఒక్క ఫైనల్ ఊదిపియ్యి స్వామీ అని మొక్కుతడు!"

దేవుడు పలకకపోయేసరికి ఎల్లేశ్ సంఘం పెట్టాడు. తనలాంటి పన్నెండుమంది రెఫరీలను పోగేశాడు. వంతుల ప్రకారం ఫైనల్స్ పంచుకోవాలన్నది సంకల్పం. మొదటి వంతు తనదే. అయితే సంఘం అన్నాక పెద్దమనిషి కావాలి గదా! జగపతి గారిని అధ్యక్షుణ్ని చేశారు. ఆయనకు పొలాలున్నాయి, రోడ్డు మీద రెండంతస్తుల బిల్డింగు ఉంది. కబడ్డీ ఆటలో ఎందరుంటారో ఆయనకు తెలియదు, తెలుసుకోను కూడా లేదు. అధ్యక్షుడికి ఆట తెలిస్తే పక్షపాతం వస్తుంది.

సంఘం పేరు దగ్గరే కథ మలుపు తిరిగింది. ఎల్లేశ్ తెచ్చిన కాగితంలో 'అఫీషియల్స్ అసోసియేషన్' అని ఉంది. ఆటను నడిపించే రెఫరీలు, అంపైర్లు, స్కోరర్లని దాని అర్థం. జగపతి గారు కళ్లద్దాలు సర్దుకున్నారు.

"అఫీషియల్ అంటే తెలుగుల ఏందిర? అధికారి! అరె, నువ్వు అధికారివయ్యుండి గిన్నేండ్లు చెప్పకపోతివి!"

బోర్డు రాసే శ్రీశైలం తెలివైనవాడు. 'కబడ్డీ క్రీడా' అన్నది పెసరగింజంత అక్షరాలతో పై మూలన పడేసి, 'అధికారుల సంఘం' అన్నది గుమ్మడికాయంత రాశాడు. దాన్ని మేడ మీద కట్టారు. రోడ్డుకవతల నిజమైన సర్కారు ఆఫీసు ఒకటి ఉంది గానీ దాని బోర్డు గాలికి పడిపోయి చాలాకాలమైంది. ఇంకేం! వారం తిరక్కుండా జనం అర్జీలు పట్టుకుని జగపతి గారి మెట్లెక్కడం మొదలుపెట్టారు.

అందరికన్నా ముందు వచ్చింది గట్టమ్మ. డెబ్బై ఏళ్ల మనిషి. పింఛను కాగితం కొంగున ముడేసుకుని వచ్చి ఎల్లేశ్ ముందు చేతులు జోడించింది.

"అవ్వా, మేం గా అధికారులం కాదే. ఆటకు ఈల ఊదెటోళ్లం."

"అందరు గట్లనే అంటరు బిడ్డా. ఏ ఆఫీసుకు వోయినా మేం కాదు మేం కాదు అంటరు. గా మాట అన్నవంటె నువ్వు అధికారివే. పోనీ, తెల్లకార్డన్న ఇయ్యరాదూ?"

"మా దగ్గర ఆకుపచ్చ, పసుపు, ఎర్ర కార్డులే ఉంటయవ్వా. అవి తప్పు చేసినోళ్లకిస్తం."

"సూసినవా! పైసలున్నోళ్లకు మూడు రంగులు, మాకు ఒక్క తెల్లది లేదు!" అని గట్టమ్మ నిట్టూర్చింది.

లోపలినుంచి విన్న జగపతి గారు బయటికొచ్చి ఆ కాగితం అందుకుని, దాని మీద 'పరిశీలనలో ఉన్నది' అని రాసి సంతకం పెట్టారు. గట్టమ్మ ముఖం చాటంతయింది. మరునాడు ఊరు ఊరంతా ట్రాలీ ఆటోలో దిగింది. దండలు, కొబ్బరికాయలు, అర్జీలు. ఎన్ని అర్జీలొచ్చినా సంఘం ఒక్కదాన్నీ తిరస్కరించలేదు. మంజూరూ చేయలేదనుకోండి. ప్రజలకు తేడా ఏమీ తెలియలేదు.

ఇంత హోదా వచ్చాక ఒకనాటి సమావేశంలో ఎల్లేశ్ ఈల తీసి, తుడిచి, అలవాటుకొద్దీ మెల్లగా ఒకసారి ఊదాడు. జగపతి గారు ఉలిక్కిపడ్డారు.

"ఏందిర ఎల్లేశ్, బస్టాండుల పోరగాండ్ల లెక్క ఈలలేస్తున్నవ్? పెద్దాఫీసర్లు ఎవలన్న ఈలేసుడు సూసినవా?"

"ట్రాఫిక్ పోలీసాయన ఏస్తడు గదన్నా."

"ఆయన ఎండల నిలబడ్డడు. మనం నీడల కూసున్నం. ఫరక్ లేదా?"

అప్పుడే పద్నాలుగో నియమం పుట్టింది. 'సంఘములో ఏ హోదాగల అధికారియైనను ఈల వేయరాదు. ఈల వేయుటకు సాధారణ సభ్యులను వినియోగించవలెను.' చప్పట్లు మారుమోగాయి. దానితో ఒక చిక్కు వచ్చి పడింది. ఆ సాయంత్రానికల్లా సాధారణ సభ్యులు ఒక్కరూ మిగల్లేదు. సంఘం ముప్పై ఒక్కమందికి పెరిగింది, అందరికీ పదవులే. జిల్లాకు ముగ్గురు చొప్పున ఉపాధ్యక్షులు, వాళ్ల మీద కార్యనిర్వాహక అధ్యక్షులు, ఏమీ దొరకనివాళ్లకు గౌరవ సలహాదారు. ఎల్లేశ్ మాత్రం తక్కువ తిన్నాడా? ఆ నియమాన్ని తన గుండ్రటి చేతిరాతతో తానే రాసుకున్నాడు. ప్రధాన కార్యదర్శి అయిన దగ్గర్నుంచి ఇంటిముందు పాలాయన కూడా 'సార్' అంటున్నాడు మరి. ఈల జేబులో, హోదా శాలువాగా మెడలో. రెండింటి బరువూ మోశాడు.

అంతలో మరిపెడ నుంచి దేవ్‌సింగ్ ఫోన్ చేశాడు. అక్కడి టోర్నమెంట్ అతనే నడుపుతున్నాడు. మరిపెడకూ నర్సింహులపేటకూ ఫైనల్, రెఫరీలను పంపమన్నాడు. ఫైనల్ అన్నమాట వినగానే ఎల్లేశ్ ఫోన్ పెట్టెయ్యడం కూడా మరిచిపోయాడు. జగపతి గారి దగ్గరికి పరుగెత్తాడు.

"అన్నా, జర ఒక్క ఫైనల్. ఒక్కటి ఊది మళ్ల కుర్చీల కూసుంట."

"రాజీనామా చేసి ఊదుకో. ఎవలొద్దన్నరు?"

ఎల్లేశ్ మెడలోని శాలువా తడుముకుని ఊరుకున్నాడు. పాపం, మనిషే గదా!

మరిపెడలో పదిహేనుమందికి వేసిన స్టేజీ మీదికి ముప్పై ఒక్కమంది ఎక్కారు. చెక్కలు కిర్రుమన్నాయి. జనం కింద కూర్చున్నారు, వాళ్ల కుర్చీలు పైకెక్కాయి. దేవ్‌సింగ్ స్టేజీ కిందనుంచి తలెత్తి అడిగాడు. "సార్, మీరందరు మీద కూసుంటే ఆట ఎవలు ఆడిపిస్తరు?"

"గిందరం వచ్చినం గదా, ఇంకేం గావాలె?" అని జగపతి గారు మైకందుకున్నారు.

ఆయన కబడ్డీ పుట్టుక నుంచి మొదలుపెట్టి తన పుట్టుక దాకా వచ్చేసరికి ఆటగాళ్ల ఒళ్లు చల్లబడిపోయింది. రెండు జట్ల కెప్టెన్లూ మాట్లాడుకుని, ఎవరి తప్పు వాళ్లే ఒప్పుకుందామని ఆట మొదలుపెట్టేశారు. చెప్పొద్దూ, ముప్పావుగంట ఒక్క గొడవ లేకుండా ఆడారు. అవుటైనవాడు తానే చెయ్యెత్తి బయటికి నడిచాడు. స్టేజీ మీద కలవరం మొదలైంది. "ఇసొంటి ఆట నడిస్తే సంఘం బతుకుతదా?" అని భూపాలపల్లి ఉపాధ్యక్షుడు జైపాల్ పక్కాయన చెవిలో వాపోయాడు.

ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది. ఆఖరి కూత. మరిపెడ కుర్రాడు వివేక్ 'కబడ్డీ కబడ్డీ' అంటూ దూసుకొచ్చాడు. మైకులో జగపతి గారి కూత, కోర్టులో వివేక్ కూత. వేల చెవులు ఆ హోరులో గల్లంతయ్యాయి. ఎల్లేశ్ చెవి మాత్రం వివేక్ గొంతునే పట్టుకుని ఉంది. ఒకణ్ని తాకాడు, వెనక్కి తిరిగాడు, గీతకు రెండడుగుల దూరంలో కూత సన్నగా తెగింది.

ఎల్లేశ్ చెయ్యి జేబులోకి ఎప్పుడు పోయిందో, ఈల నోట్లోకి ఎప్పుడొచ్చిందో అతనికే తెలియదు. తొమ్మిదేళ్ల ఊపిరంతా పెట్టి ఊదాడు.

వివేక్ ఆగిపోయాడు. జగపతి గారూ ఆగిపోయారు.

'ఈ శుభసందర్భమున నేను' అన్న చోటే ఆగి, మైకు పట్టుకుని, బిత్తరపోయి ఎల్లేశ్ వైపు చూశారు. "ఏందిర... నేనవుటా?" అన్న మాట మైకులోనే పడింది. వివేక్ చెయ్యెత్తి "అవునన్నా, కూత తెగింది" అన్నాడు. అప్పుడు జనంలోంచి ఎవరో ముసలాయన అరిచాడు.

"ఒక్క ఈలకు ఇద్దరవుట్!"

అబ్బో, ఆ గోల! ఉపన్యాసం ఈలకు ఆగడం మూడు జిల్లాల్లో అదే మొదలు. నర్సింహులపేట ఒక్క పాయింటుతో గెలిచింది. ఓడిన మరిపెడవాళ్లే ముందు ఉరికొచ్చి ఎల్లేశ్‌ను భుజాల మీదికెత్తారు. మ్యాచ్ పోతే పోయింది, ఉపన్యాసం ఆగింది గదా! శాలువా ఎక్కడ జారిపోయిందో ఎల్లేశ్ చూసుకోలేదు. భుజాల మీద ఊగుతూ, ఈలను పిడికిట్లో బిగించి, పసిపిల్లాడిలా ఏడ్చాడు. బతికినన్నాళ్లలో అంత సంతోషం ఎరుగడు.

మరునాడు అత్యవసర సమావేశం. బహిరంగ స్థలంలో ఈల వేయుట, విధి నిర్వహణకు పాల్పడుట, అధ్యక్షులవారిని అవుట్ చేయుట అని మూడు అభియోగాలు. మినిట్స్ ఎల్లేశే రాశాడు. మిగిలినది మీకు తెలుసు. ఇంటికెళ్తే భాగ్య తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"పదవి పాయెనట గద?"

"పోయింది."

"ఫైనల్ ఊదినవా?"

"ఊదిన."

"ఇగ మొక్కు తీర్చుకుందాం పా. కొబ్బరికాయ నేను తెస్త" అంది.

వారానికి గట్టమ్మ మళ్లీ వచ్చింది. చేతిలో కొత్త అర్జీ. ఎల్లేశ్ మెట్ల కింద హోటల్లో చాయ్ తాగుతున్నాడు. పిలిచి కూర్చోబెట్టాడు.

"అవ్వా, గా కాగితం నాకియ్యి. రోడ్డుకవతల అసలు ఆఫీసున్నది. నేను దగ్గరుండి ఇప్పిస్త. ఇయ్యాల్నే పనైతది."

గట్టమ్మ ఎగాదిగా చూసింది. శాలువా లేదు. కుర్చీ కూడా హోటలువాడిదే.

"నిన్ను తీసేసిన్రట గద బిడ్డా?"

"అవునవ్వా. పని చేసిన్నని తీసేసిన్రు."

"మరి! పని చేసుకునెటోనికి అర్జీ ఎవలన్న ఇస్తరా?" అని జాలిగా అతని తల నిమిరి, కాగితం కొంగున ముడేసుకుని, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కింది. రెండో మెట్టు దగ్గర ఆగి, "నీకేమన్న పనుంటె చెప్పు, జగపతి సారుకు నేను చెప్త" అని కూడా అంది.

సంఘం దినదినాభివృద్ధి చెందుతున్నది. నిన్నటికి అందిన అర్జీలు నాలుగు వందల పన్నెండు. అన్నీ పరిశీలనలో ఉన్నాయి. మీది కూడా అందులోనే ఉంది, బెంగపడకండి.