కప్ప గుండెకు అరంగుళం కుట్టు

తాళాలాయన ఇంట్లో ఉన్నది ఒక్కటే డిగ్రీ. నిజం చెప్పాలంటే అది కూడా లేదు.

ఆయన ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. నడుముకు పదిహేడు తాళంచెవుల గుత్తి వేలాడేది కాబట్టి మనిషి వీధి మలుపు తిరగకముందే చప్పుడు ఇల్లు చేరేది. ముప్ఫై ఏళ్ళ క్రితం బి.ఎస్సీ. చదివాడు. అన్ని పేపర్లూ గట్టెక్కాడు, ఒక్క జంతుశాస్త్రం ప్రాక్టికల్ తప్ప. ఆ రోజు కొయ్యవలసిన కప్ప మత్తు వదిలి ట్రేలోంచి ఎగిరి ఆయన చొక్కా జేబులో పడింది. కాసేపటికి కప్ప తేరుకుంది. ఆయన తేరుకోలేదు.

పెళ్ళి మాటల్లో ఎవరో "అబ్బాయికి డిగ్రీ అయిపోయింది" అన్నారు. ఆయన కాదనలేదు. ఊరుకోవడానికి పట్టింది అర నిమిషం. ఆ అర నిమిషాన్ని ఇరవై ఆరేళ్ళుగా మోస్తున్నాడు.

మోయడమంటే బరువుగా ఏమీ కాదు, దర్జాగానే.

"కర్టెన్ పొట్టిదైందండీ."

"కర్టెన్ పొట్టిది కాదు, కిటికీ పొడుగు. డిగ్రీ చదివినవాణ్ణి చెప్తున్నా, విను."

భార్య వినేది. ఆవిడ ఇంటర్ దగ్గర ఆగిపోయిన దర్జీ. ముందు గదిలోనే కుట్టు మిషను. మెడలో ఎప్పుడూ కొలతల టేపు ఉండటంవల్ల వీధంతా టేపమ్మ అనేవారు. మనిషిని చూడగానే నడుము కొలత చెప్పగలదు. అంత తెలిసిన మనిషి ముందు గెలవడానికి తాళాలాయనకు ఆ డిగ్రీ తప్ప వేరే ఆధారం లేదు.

ఒకరోజు స్టోరు చిరునామాకు విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. పాత సిలబస్‌లో తప్పినవారికి ఇదే ఆఖరి అవకాశమట. ఇప్పుడు కప్పలను కొయ్యనక్కర్లేదట. ఇరవై నాలుగు బొమ్మలున్న రికార్డు పుస్తకం సొంత చేత్తో గీసి తెచ్చి, అడిగినవాటికి జవాబు చెబితే చాలట.

ఆయన ఆ సాయంత్రం దేవుడి పటం ముందు నిలబడి, "స్వామీ, నేను చెప్పింది అబద్ధం కాదు, ఆలస్యమైన నిజం. ఒక్కసారి దాటించు" అని వేడుకున్నాడు. దేవుడు ఎప్పటిలాగే ఏమీ అనలేదు. కొన్ని మొరలకు ఆయన జవాబు ఇంట్లోవాళ్ళ చేత చెప్పిస్తాడేమో, మనకు తెలియదు.

చిక్కల్లా బొమ్మల దగ్గర. తాళాలాయన సున్నా గీస్తే బంగాళాదుంప అయ్యేది. అదే టేపమ్మ సుద్దముక్క పట్టుకుంటే గీత నీళ్ళలా జారేది. ఆయన బాగా ఆలోచించి భార్య దగ్గరికి వెళ్ళాడు.

"ఏమోయ్, మా మేనేజరుగారు దిండు గలేబుల మీద బొమ్మలు కుట్టించుకుంటారట. ఇదిగో, ఈ పుస్తకంలోవి. ముందు కాగితం మీద గీసిపెట్టు."

టేపమ్మ పుస్తకం తెరిచింది. "ఇవి కప్ప పేగులండీ."

"అవును."

"వాటి మీద తలపెట్టుకుని పడుకుంటారా?"

"పెద్దవాళ్ళ అభిరుచులు మనకెందుకు?"

"బొద్దింక కూడా ఉంది."

"అది అతిథుల దిండుకి."

ఆవిడ ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, పెన్సిలు చెక్కడం మొదలుపెట్టింది.

మూడు వారాలు గీసింది. గీస్తూ ఊరుకుంటేనా.

"దీని గుండెలో మూడే గదులేమిటండీ?"

"కప్పకి అంతే."

"మరి మనకి?"

"నాలుగు."

"ఒకటి ఎక్కువెందుకూ?"

"సంసారాలు ఉంటాయి కదా" అన్నాడు తాళాలాయన.

ఆవిడ నమ్మినట్టు కనబడలేదు. దాంతో ఆయన మర్నాడు బోల్టుల డబ్బాల మధ్య కూర్చుని పాఠమంతా చదివి, వచ్చి సరైన జవాబు చెప్పాడు. ఇక అదే వరస. ఆవిడ అడగడం, ఆయన మర్నాడు చదివి రావడం. వానపాముకు ఊపిరితిత్తులు ఎందుకు లేవో, బొద్దింక రక్తం ఎందుకు ఎర్రగా ఉండదో, ఆ ఇంట్లో అన్నం తింటూ తేల్చారు.

బొమ్మల చుట్టూ సన్నటి చుక్కల గీతలు కనబడ్డాయి. శాస్త్రం కదా, చుక్కలుంటే గౌరవంగానే ఉంటుందని ఆయన సరిపెట్టుకున్నాడు. భాగాల పేర్లు తను రాసి ఇచ్చాడు. పరీక్ష రోజు పొద్దున టేపమ్మ కాగితాలన్నీ మిషను మీద వేసి పుస్తకంలా కుట్టి, అట్ట వేసి చేతికిచ్చింది.

"మేనేజరుగారికి నచ్చాలి మరి" అంది.

ప్రయోగశాలలో అడుగుపెట్టగానే ఇరవై ఏళ్ళ పిల్లలందరూ లేచి నిలబడ్డారు. ఇద్దరమ్మాయిలు వచ్చి తమ రికార్డులు చేతిలో పెట్టి, "సంతకం సార్" అన్నారు. స్టోరు అలవాటు ఊరుకోదు కదా. రెండింటి మీదా "సరుకు ముట్టింది" అని రాసి సంతకం చేశాడు.

అసలు పరీక్షకుడు తర్వాత వచ్చాడు. పిల్లలు ఆయనకు పెట్టిన పేరు భూతద్దం మాస్టారు. తాళాలాయన తెచ్చిన రికార్డు తెరిచి మాస్టారు మురిసిపోయాడు.

"ఎంత బాగా గీశారండీ. గుండె చుట్టూ ఈ చుక్కల గీత ఏమిటి?"

"హృదయావరణం సార్."

గుండెకు నిజంగానే అలాంటి పొర ఉంటుంది. మాస్టారు తల ఊపి పేజీ తిప్పాడు.

"మరి వానపాము చుట్టూ?"

"దానిక్కూడా ఆవరణమే సార్."

"బొద్దింక మీసానికి?"

"చలికి సార్."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని ఆఖరి పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు పైకి చదివాడు. "చుక్కల మీద కత్తిరించాలి. కుట్టుకి అరంగుళం వదిలాను. కప్ప పొట్టకి లైనింగ్ వేసి రెండు గుండీలు పెడితే చాలు." తలెత్తాడు. "గుండీలున్న కప్పను మీరెక్కడ చూశారండీ?"

"అది కాస్త వయసు మళ్ళిన కప్ప సార్."

మాస్టారు సుద్దముక్క ఇచ్చి బోర్డు చూపించాడు. తాళాలాయన చెమటలు కక్కుతూ కప్పను గీశాడు. వెనక బెంచీలోంచి ఎవరో "ఇస్త్రీపెట్టె" అన్నారు.

"మా ఆవిడ గీసింది సార్" అని తల వంచాడు తాళాలాయన. "దర్జీ. ఇది పోతే మళ్ళీ అవకాశం లేదు. నాకు డిగ్రీ ఉందనే ఇరవై ఆరేళ్ళుగా నమ్ముతోంది."

మాస్టారు రికార్డు మూసి ఆయన చేతికిచ్చాడు. "రేపు రెండో బ్యాచ్ ఉంది. ఆరు బొమ్మలు గీసుకుని రండి. ఎలా ఉన్నా ఫరవాలేదు, మీవై ఉండాలి."

ఆ మధ్యాహ్నం స్టోరుకు తాళం పడింది. లోపల తాళాలాయన ఇనుప వాషర్లు కాగితం మీద పెట్టి చుట్టూ గీసుకుంటూ ఆరు బొమ్మలు పూర్తిచేశాడు. ఏ జీవిని చూసినా విప్పడానికి స్పానరు కావాలనిపించేలా వచ్చాయి.

మర్నాడు మాస్టారు వాటిని చూసి, "కప్పను చూస్తే జాలేస్తోంది" అన్నాడు. "కానీ మీదే." ఆపైన పన్నెండు ప్రశ్నలు వేశాడు. అన్నీ టేపమ్మ అడిగినవే. పన్నెండింటికీ జవాబు వచ్చింది.

తాళాలాయన ఏమీ చెప్పకూడదని నిశ్చయించుకుని ఇంట్లోకి వచ్చాడు. టేపమ్మ మిషను మీంచి తల ఎత్తలేదు.

"పాసయ్యారా?"

నడుముకున్న పదిహేడు తాళంచెవులూ ఒక్కసారి ఆగిపోయాయి. "దేంట్లో?"

"ప్రాక్టికల్లో. ఉత్తరం మీ చొక్కా జేబులో ఉండిపోయింది. చొక్కాలు ఉతికేది నేనేగా."

"తెలిసి కూడా ఆ గుండీలు పెట్టావా?"

"తెలిసే పెట్టాను, నిన్న పొద్దున పుస్తకం కుట్టే ముందు. సొంత చేత్తో గియ్యాలని రాసుందిగా. నా బొమ్మలు పట్టుకెళ్ళి మీవని చెప్తే దేవుడికీ బాగుండదు, నాకూ బాగుండదు. వద్దంటే మీరు వింటారా? అందుకే అరంగుళం వదిలాను. మాస్టారు పట్టుకుంటే మీరే గీస్తారు కదా అని."

"పట్టుకుని ఇంటికి పంపేస్తేనో?"

"ఆ భయం లేకపోలేదు. రెండు రోజులుగా నేనూ పటం ముందు నిలబడుతూనే ఉన్నాను."

తాళాలాయన స్టూలు మీద కూలబడ్డాడు. "డిగ్రీ లేదని ఎప్పుడు తెలిసింది?"

"పెళ్ళయిన నెలకే. డిగ్రీ అయినవాళ్ళెవరూ రోజుకి నాలుగుసార్లు ఆ మాట చెప్పరండీ."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"అదీ లేకపోతే మీరు నాతో ఏం పెట్టుకుని వాదిస్తారు, పాపం."

ఆయన నడుమునుంచి తాళాల గుత్తి విప్పి మిషను మీద పెట్టి, "అన్నం పెడతావా?" అన్నాడు.

"మీరే వడ్డించండి" అంది టేపమ్మ. ఒళ్ళో గుడ్డ కింద దాచిన జంతుశాస్త్రం పుస్తకం బయటికి తీసి పేజీ తిప్పింది. "పాము దగ్గరున్నాను. మధ్యలో లేపకండి."

బి.ఎస్సీ.గారు చేతులు కడుక్కుని, రెండు పళ్ళేలు పెట్టారు.